బంగారం నుంచి ఎలక్ట్రాన్ ఎంతసేపట్లో బయటపడుతుంది?

ప్రొద్దుటూరులో పాత నగ అమ్మడానికి వెళ్తే వెనకటి రోజుల్లో ఆచారి దాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి, రంగు నిలిచిందో కరిగిందో చూసి నాణ్యం చెప్పేవాడు. ఇప్పుడు టంచ్ చూసే చోట ఓ చిన్న పెట్టె ఉంటుంది. మూత ఎత్తి బంగారు గాజును లోపల పెడతారు. సన్నటి కిరణం తగిలే చోటికి గాజు అంచు వచ్చేదాకా తెర మీద చూసుకుంటూ అటూ ఇటూ జరుపుతారు. మూత వేస్తారు. కాసేపటికే అంకెలు వస్తాయి: బంగారం ఇంత శాతం, రాగి ఇంత, వెండి ఇంత. కేరట్ మీటర్ అంటే ఇదే. నగ కరగలేదు, దాని మీద గీత పడలేదు.

ఆ పెట్టెలో జరిగేది ఎక్స్‌రేలతో పని. బంగారు పరమాణువులో 79 ఎలక్ట్రాన్లుంటాయి. ఎక్స్‌రే వచ్చి లోపలి వరసల్లోని ఒక ఎలక్ట్రాన్‌ను పరమాణువులోంచే గెంటేస్తుంది. అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. పై వరసలోని ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దిగుతుంది, దిగేటప్పుడు మిగిలిన శక్తి మరో ఎక్స్‌రేగా బయటికొస్తుంది. ఈ రెండో ఎక్స్‌రే శక్తి ఏ లోహానికి ఆ లోహానికి వేరు. బంగారానిది 9.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకటి, 11.4 దగ్గర ఇంకొకటి. రాగిది 8 దగ్గర, వెండిది 22 దగ్గర. ఏ శక్తి ఎక్స్‌రేలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి యంత్రం పాళ్ళు చెబుతుంది. యంత్రం చూసేది పైపొరనే కాబట్టి హాల్‌మార్కింగ్‌లో చివరి మాట ఇప్పటికీ మూసలో పెట్టి కరిగించి చూసే పరీక్షదే. ఆ సంగతి కొనేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

నన్ను పట్టి నిలిపేది ఆ పెట్టెలో జరిగేవాటిలో మొదటి ఘటన. ఎక్స్‌రే తగిలింది, ఎలక్ట్రాన్ బయటపడింది. ఈ రెండింటి మధ్య ఎంత సమయం గడిచింది? వెనక మిగిలిన ఖాళీ ఎంతసేపు ఉంటుందో భౌతిక శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. కేరట్ మీటర్‌లో పనికొచ్చే ఆ బంగారపు ఖాళీ ఆయుష్షు దాదాపు 120 అట్టోసెకన్లు (అట్టోసెకను ఎంత చిన్నదో కాసేపట్లో చెబుతాను). అలాంటి ఖాళీల్లో మూడింట ఒక వంతు మాత్రమే మనకు ఎక్స్‌రేనిస్తాయి. మిగతావాటిలో ఆ శక్తి ఇంకో ఎలక్ట్రాన్‌ను బయటికి తోసేస్తుంది. కానీ మొదటి ఎలక్ట్రాన్ బయలుదేరడానికి ఎంతసేపు పట్టిందన్నది మాత్రం మొన్నమొన్నటిదాకా ఎవరూ కొలవలేదు. అసలు అడగవలసిన ప్రశ్నేనా అని కూడా చాలామంది అనుకున్నారు.

కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయని 19వ శతాబ్దం చివరికే తెలుసు. 1905లో ఐన్‌స్టీన్ దానికి శక్తి లెక్క చెప్పాడు: కాంతి పొట్లాలుగా వస్తుంది, ఒక పొట్లం శక్తిలోంచి ఎలక్ట్రాన్‌ను విడిపించే ఖర్చు పోగా మిగిలింది దాని గతిజశక్తి. జమాఖర్చు చక్కగా సరిపోయింది. కానీ ఆ లెక్కలో కాలం ఊసే లేదు. 1928లో అమెరికాలో లారెన్స్, బీమ్స్ అనే ఇద్దరు ఆలస్యాన్ని కొలవాలని చూశారు. ఆలస్యమంటూ ఉంటే అది 3 నానోసెకన్లకు మించదని తేల్చారు. అప్పటి పరికరాలతో అది గొప్ప కొలతే. ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రంలో ఫోటో విద్యుత్ ఫలితం గురించి చదివేటప్పుడు ‘కాంతి పడిన తక్షణమే ఎలక్ట్రాన్లు వెలువడతాయి’ అని మన పిల్లలు రాసి మార్కులు తెచ్చుకుంటారే, ఆ ‘తక్షణమే’ వెనకున్నది ఇలాంటి హద్దే. ఒక్క నానోసెకనులో వంద కోట్ల అట్టోసెకన్లు ఉంటాయి. ఆ వంద కోట్లలో ఏం జరుగుతుందో తెలియనంత వరకు ‘తక్షణం’ అనే మాటతో సర్దుకున్నాం.

అట్టోసెకను ఎంత చిన్నదో చెప్పడానికి ప్రొద్దుటూరు సరుకే చాలు. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి ఒక అట్టోసెకనులో 0.3 నానోమీటర్లు పోతుంది. బంగారు పరమాణువు అడ్డుకొలత కూడా ఇంచుమించు అంతే. అంటే కాంతి ఒక బంగారు పరమాణువును దాటే సమయం అట్టోసెకను. పరమాణువుల్లో ఎలక్ట్రాన్ల కదలికలు చాలావరకు పదులు, వందల అట్టోసెకన్లలో జరిగిపోతాయి.

అంత చిన్న సమయాన్ని పట్టుకోవాలంటే అంత పొట్టి కాంతి తునక కావాలి. మామూలు లేజర్లతో అది కుదరదు. కంటికి కనిపించే ఎర్ర రంగుకు కాస్త అవతల ఉండే పరారుణ లేజర్ కాంతిలో ఒక్క అల పూర్తి కావడానికే 2,700 అట్టోసెకన్లు పడుతుంది. అలకన్నా పొట్టి తునక ఆ కాంతితో ఎలా వస్తుంది? దారి చూపింది 1987లో ఫ్రాన్స్‌లోని సాక్లేలో ఆన్ లూయియే, ఆమె సహచరులు చేసిన ప్రయోగం. ఆర్గాన్ వాయువు గుండా తీవ్రమైన పరారుణ లేజర్‌ను పంపితే, అవతలి వైపు ఆ లేజర్ పౌనఃపున్యానికి ఎన్నో రెట్లుండే కాంతులు వరసగా కనిపించాయి. ఎందుకిలా జరుగుతుందో 1993లో పాల్ కోర్కమ్ సులువుగా చెప్పాడు. లేజర్ విద్యుత్ క్షేత్రం పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. అల దిశ మారగానే దాన్ని వెనక్కి తోస్తుంది. ఎలక్ట్రాన్ తిరిగొచ్చి తన పరమాణువులో పడినప్పుడు సంపాదించుకున్న శక్తినంతా ఒక పొట్టి అతినీలలోహిత తునకగా వదిలేస్తుంది. 2001లో పియేర్ అగోస్టీని బృందం 250 అట్టోసెకన్ల తునకల వరసను, ఫెరెంట్స్ క్రౌజ్ బృందం 650 అట్టోసెకన్ల ఒంటరి తునకను తీసి చూపించాయి. 2023 భౌతికశాస్త్ర నోబెల్ లూయియే, అగోస్టీని, క్రౌజ్ ముగ్గురిదీ. గాలి ఈ కాంతిని మింగేస్తుంది కాబట్టి ఆ తర్వాత జరిగే పనంతా గాలి తీసేసిన ఉక్కు గదుల్లోనే.

ఇక కొలత. ఉయ్యాల ఊగుతూ మధ్యలో దూకిన పిల్లాడు ఎక్కడ పడ్డాడో చూస్తే ఏ క్షణంలో దూకాడో చెప్పేయవచ్చు. ముందుకు ఊగుతున్నప్పుడు వదిలితే దూరంగా పడతాడు, వెనక్కి వస్తున్నప్పుడు వదిలితే దగ్గరే పడతాడు. ప్రయోగశాలలో ఉయ్యాల పరారుణ లేజర్ విద్యుత్ క్షేత్రం. అట్టోసెకను తునక పరమాణువుకు తగిలి ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. అదే సమయానికి అక్కడే ఉన్న లేజర్ క్షేత్రం, విడిపడిన క్షణాన్ని బట్టి ఆ ఎలక్ట్రాన్‌ను కాస్త ముందుకో వెనక్కో నెడుతుంది. చివరికి ఎలక్ట్రాన్ ఎంత వేగంతో వచ్చిందో కొలుస్తారు. తునకకూ లేజర్‌కూ మధ్య తేడాను అద్దం జరిపి కొద్దికొద్దిగా మారుస్తూ ఇదే పని మళ్ళీ మళ్ళీ చేస్తారు. కాగితం మీద ఒక అల గీత వస్తుంది. ఒకే తునకతో రెండు రకాల ఎలక్ట్రాన్లు బయటపడితే రెండు అలలు వస్తాయి. రెండో అల మొదటిదానికన్నా ఎంత పక్కకు జరిగిందో అదే వాటి మధ్య ఆలస్యం.

చెప్పుకోవడానికి ఇంతే. చేయడం అంత తేలిక కాదు. అద్దం జరిగే దూరం పరమాణువంత కొలతల్లో ఉంటుంది. గది చల్లదనం కాస్త మారినా, పక్క వరండాలో బండి తోసినా లెక్క చెదిరిపోతుంది.

ఈ పద్ధతితో 2007లో టంగ్‌స్టన్ మీద తొలి ఫలితం వచ్చింది. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లకన్నా పరమాణువులకు అంటిపెట్టుకున్న లోపలి ఎలక్ట్రాన్లు దాదాపు 110 అట్టోసెకన్లు ఆలస్యంగా బయటికొచ్చాయి. కొలతలో అనిశ్చితి 70 అట్టోసెకన్లు ఉందని వాళ్ళే రాశారు. అయినా ‘తక్షణం’ పగిలిపోయింది.

అసలు గొడవ 2010లో మొదలైంది. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. నియాన్ పరమాణువులో బయటి వరసలో రెండు రకాల ఎలక్ట్రాన్లుంటాయి: 2ఎస్, 2పి. ఒకే తునకతో రెండింటినీ విడిపించి చూస్తే 2పి ఎలక్ట్రాన్లు 21 అట్టోసెకన్లు వెనకబడ్డాయి, అటూ ఇటూ ఓ 5 తేడాతో. సిద్ధాంతకర్తలు కంప్యూటర్ల ముందు కూర్చుని లెక్క కట్టారు. ఎన్ని పద్ధతుల్లో కట్టినా ఆ 21లో సగం దాటలేదు. నియాన్ అంటే పది ఎలక్ట్రాన్ల చిన్న పరమాణువు, క్వాంటం సిద్ధాంతానికి అది కొట్టిన పిండి కావాలి. అక్కడే లెక్క తప్పితే ఇక పెద్ద పరమాణువుల గురించి ఏం మాట్లాడగలం? ప్రయోగం తప్పా, సిద్ధాంతం తప్పా అని ఏడేళ్ళు నలిగింది.

2017లో స్వీడన్‌లోని లుండ్‌లో లూయియే బృందం దీన్ని విప్పింది. వాళ్ళు ఒంటరి తునకకు బదులు తునకల వరస వాడారు. దానితో ఎలక్ట్రాన్ల శక్తులను మరింత సన్నగా వేరు చేయవచ్చు. అలా చూస్తే 2ఎస్ ఎలక్ట్రాన్ల పక్కనే, దాదాపు అదే శక్తితో, వేరే గుంపు కనిపించింది. ఒక 2పి ఎలక్ట్రాన్ బయటికి పోతూ పోతూ ఇంకోదాన్ని పై మెట్టుకు ఎగదోస్తే, పోయేదాని శక్తి ఆ మేరకు తగ్గి 2ఎస్ గుంపులో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. 2010 ప్రయోగంలో ఈ రెండింటినీ విడదీయడం కుదరలేదు. విడదీసి చూసేసరికి కొలత, లెక్క ఒకటయ్యాయి. సిద్ధాంతం నిలబడింది, కొలిచినవాళ్ళ సాధనా వృథా కాలేదు. విజ్ఞానం ముందుకు పోవడం అంటే ఇది. పది అట్టోసెకన్ల తేడాను వదిలేయకుండా ఏడేళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళుండబట్టే తేలింది.

ఇంతకీ ఆలస్యం ఎందుకు? ఎలక్ట్రాన్‌ను గోళీకాయలా ఊహించుకుంటే ఇది అర్థం కాదు. బయటికొచ్చే ఎలక్ట్రాన్ ఒక అల. వెనకనున్న పరమాణువు లాగుతుంటుంది, మిగిలిన ఎలక్ట్రాన్లు నెడుతుంటాయి, ఆ తోపులాటలో అల దశ మారుతుంది. శక్తి కొద్దిగా పెరిగితే ఆ దశ ఎంత మారుతుందో చూస్తే అదే ఆలస్యం అని ఐసెన్‌బడ్, 1955లో విగ్నర్, 1960లో స్మిత్ లెక్క చూపించారు. వాళ్ళు ఈ సూత్రం రాసినప్పుడు అట్టోసెకను కాంతి కలలో కూడా లేదు. పరమాణువు లోపల ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తున్నాయో ఈ ఆలస్యం చెబుతుంది. కొలతలో మరో చిక్కుంది: కొలిచే లేజర్ క్షేత్రం కూడా కొంత ఆలస్యాన్ని కలుపుతుంది. దాన్ని లెక్కగట్టి తీసేయాలి.

మళ్ళీ బంగారానికి వస్తే, 2015లో జ్యూరిక్‌లో బంగారం, వెండి ఉపరితలాల మీద ఈ కొలతలు చేశారు. పోల్చి చూడటానికి ఆర్గాన్ వాయువును పక్కన పెట్టుకున్నారు. ఎలక్ట్రాన్ లోహంలో ఎంత లోతు నుంచి వస్తుందో, ఎంత వేగంతో వస్తుందో తెలిస్తే బయటికి రావడానికి పట్టే సమయం లెక్కేయవచ్చు కదా అనిపిస్తుంది. లోతును వేగంతో భాగిస్తే సరి. కానీ ఆ తేలిక లెక్కకు ఫలితాలు లొంగలేదు. కాంతి శక్తి మారేకొద్దీ ఆలస్యం కూడా మారింది. తర్వాతి ఏడాది అమెరికాలోని కొలరాడోలో నికెల్ మీద చూస్తే కారణం కొంత తేటపడింది. బయటపడే ఎలక్ట్రాన్ శక్తి లోహం లోపలి ఒక స్థితితో సరిపోయిందంటే ఎలక్ట్రాన్ అక్కడ దాదాపు 212 అట్టోసెకన్లు చిక్కుకుపోతుంది. 2018లో జర్మన్ పరిశోధకులు టంగ్‌స్టన్ మీద అయోడిన్ పరమాణువులు పరిచి, పరుగు ఎక్కడ మొదలైందో తెలిపే గీత ఒకటి గీసుకున్నారు. హీలియంలో ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు కాబట్టి దాని ఆలస్యాన్ని సిద్ధాంతంతోనే పక్కాగా కట్టవచ్చు. హీలియంతో అయోడిన్‌ను, అయోడిన్‌తో టంగ్‌స్టన్‌ను పోల్చుకుంటూ పోయారు. అంతవరకు ‘దీనికన్నా అది ఎంత వెనక’ అనే చెప్పగలిగేవాళ్ళు. ఆ ప్రయోగంతో ‘కాంతి తగిలాక ఎంతసేపటికి’ అని చెప్పడం సాధ్యమైంది.

జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో కనుచూపు మేర పరిచిన సౌర పలకలను చూసినవాళ్ళకు సిలికాన్ సంగతి కూడా చెప్పాలి. సౌర పలకల్లో ఎక్కువ వాడేది ఆ పదార్థమే. అందులో ఎలక్ట్రాన్ బయటికి పోదు, కట్టుబడి ఉన్న చోటి నుంచి కదలగలిగే చోటికి ఎగురుతుంది. 2014లో బర్క్‌లీలో తీవ్రమైన లేజర్ తునకతో ఈ ఎగురుడును గమనించారు. 450 అట్టోసెకన్లలోపే అయిపోయింది. ఎండ నుంచి కరెంటు తీయడంలో మొదటి అడుగు ఈ ఎగురుడే.

ఇక 2024లో వచ్చిన ఫలితం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పక్కనున్న స్లాక్ ప్రయోగశాలది. అక్కడ కిలోమీటర్ల పొడవున్న ఎలక్ట్రాన్ యంత్రంతో అట్టోసెకన్ల ఎక్స్‌రే తునకలే తీస్తున్నారు. అప్పటిదాకా చేసినవి ఎక్కువగా అతినీలలోహితంతో, బయటి వరస ఎలక్ట్రాన్ల మీద. ఎక్స్‌రేలు కేంద్రకాన్ని అంటిపెట్టుకున్న లోపలి ఎలక్ట్రాన్‌ను తాకగలవు. అంటే కేరట్ మీటర్‌లో జరిగే తరహా ఘటన. నైట్రిక్ ఆక్సైడ్ అణువులోని ఆక్సిజన్ లోపలి ఎలక్ట్రాన్‌ను విడిపించి చూస్తే కొన్ని శక్తుల దగ్గర ఆలస్యం 700 అట్టోసెకన్ల దాకా పోయింది. లెక్కలు చెప్పినదానికన్నా బాగా ఎక్కువ. బయటపడుతున్న ఎలక్ట్రాన్ కాసేపు అణువు దగ్గరే చిక్కుకోవడం ఒక కారణం. లోపలి ఖాళీ నిండేటప్పుడు పుట్టే రెండో ఎలక్ట్రాన్ వెనక నుంచి వచ్చి దీన్ని కదిలించడం ఇంకో కారణం. మొదట చెప్పుకున్న ఖాళీ ఆయుష్షు ఇక్కడ నేరుగా ప్రవేశిస్తుంది. ఎలక్ట్రాన్ ఎప్పుడు పోయిందన్న ప్రశ్నను వెనక మిగిలిన ఖాళీ ఎప్పుడు నిండిందన్న ప్రశ్న నుంచి విడదీయలేం.

ఈ ప్రయోగాలన్నీ యూరప్, అమెరికాల్లోనే జరిగాయా అంటే, కొలతల మటుకు అవుననే చెప్పాలి. కానీ లెక్కల వైపు మన దేశం వెనకబడి లేదు. ఆ పనిలో కొంత మన రాయలసీమ గడ్డ మీదే జరిగింది. మద్రాసు ఐఐటీలో చాలా ఏళ్ళు పనిచేసిన ప్రణవ దేశ్‌ముఖ్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు వెలువడే తీరు మీద జీవితకాలం కృషి చేశారు. తర్వాత తిరుపతి ఐఐటీకి వచ్చారు. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ రెండూ 2015లోనే మొదలయ్యాయి. పరమాణు, అణు, కాంతి శాస్త్రాల కోసం ఆ రెండూ కలిసి ఒక కేంద్రం పెట్టుకున్నాయి, పేరు కామోస్ట్. ప్రొద్దుటూరులో పొద్దున బస్సెక్కితే ఒక పూటలో చేరుకునే దూరం.

దేశ్‌ముఖ్, ఆయన శిష్యులు, అమెరికాలోని స్టీవెన్ మాన్సన్, ఆస్ట్రేలియాలోని అనటోలీ ఖైఫెట్స్ వంటి వాళ్ళు కలిసి 2014లో ఒక పత్రం ప్రచురించారు. జడవాయువుల్లో ఒక ప్రత్యేకమైన శక్తి దగ్గర, అంటే 1962లో జాన్ కూపర్ వివరించినందుకు ఆయన పేరుతోనే పిలిచే కనిష్ఠ బిందువు దగ్గర, ఎలక్ట్రాన్ వెలువడే అవకాశం దాదాపు సున్నాకు పడిపోతుంది. సున్నాను దాటే చోట అల దశ చటుక్కున తిరగబడుతుంది. దశ అంత వేగంగా మారితే విగ్నర్ సూత్రం ప్రకారం ఆలస్యం పెద్దదవుతుంది. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షతను లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో వాళ్ళు చూపించారు. దానికి వాడిన పద్ధతికి పునాది 1979లో వాల్టర్ జాన్సన్, సి. డి. లిన్ వేశారు. బరువైన పరమాణువుల్లో ఈ సాపేక్షత లేకుండా అడుగు ముందుకు పడదు.

ఎంత అవసరమో బంగారమే చెబుతుంది. బంగారు పరమాణువులో అన్నింటికన్నా లోపలి ఎలక్ట్రాన్ కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో ఉంటుంది. అంత వేగంలో సాపేక్షత ప్రభావం గట్టిగా పనిచేసి బయటి 6ఎస్ వరసను లోపలికి ముడుచుకునేలా చేస్తుంది, 5డి వరసను కాస్త పైకి లేపుతుంది. ఆ రెండింటి మధ్య దూరం తగ్గి, బంగారం నీలం కాంతిని మింగడం మొదలెడుతుంది. మిగిలిన కాంతే మనం చూసే పసుపు. సాపేక్షత లేకపోతే బంగారం వెండిలా తెల్లగా ఉండేది. ప్రొద్దుటూరుకు పసిడిపురి అన్న పేరూ వచ్చేది కాదు.

పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో చదువుతున్నవాళ్ళకు ఒక మాట. అట్టోసెకను ప్రయోగశాల పెట్టాలంటే కోట్లు కావాలి, ఏళ్ళు కావాలి. ఆ కొలతల వెనకుండే లెక్కకు కావలసింది గణితం, ఒక మంచి కంప్యూటర్, ఓపిక. సంకీర్ణ సంఖ్యలు, అవకలన సమీకరణాలు మీరు ఇప్పటికే చదువుతున్నారు. విగ్నర్ ఆలస్యం మొదట ఆ లెక్కల్లోంచే పుట్టింది. నియాన్‌లో 21 అట్టోసెకన్ల గొడవ వచ్చినప్పుడు ప్రయోగాన్ని మళ్ళీ తరచి చూడాలనే పట్టుదల కలగడానికి కారణం కూడా సిద్ధాంతకర్తల లెక్కలే. నైట్రిక్ ఆక్సైడ్ 700 అట్టోసెకన్లను పూర్తిగా వివరించే పని ఇంకా మిగిలే ఉంది. బంగారం లాంటి బరువైన లోహాల్లో లోపలి ఎలక్ట్రాన్ల ఆలస్యాల పని అంతకన్నా ఎక్కువ మిగిలింది. పరమాణువుల తాడనాలు, వర్ణపటాల మీద దేశ్‌ముఖ్ చెప్పిన పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో వీడియోలుగా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఈ సెలవుల్లో మొదలుపెట్టండి.